ప్లాస్మా తెర మీద ఎల్సీడీ

షట్టర్ సగం ఎత్తి, నడుం వంచి లోపలికి దూరేసరికి ఆమె అతన్ని చూసి నవ్వుతోంది.

ఇంకా లైట్లు వేయలేదు. షోరూమంతా చీకటి. బయట వాన, లోపల చీకటి, ఆ చీకట్లో ఎడమ గోడ మీద యాభై అంగుళాల టీవీ ఒక్కటే వెలుగుతోంది. దాని నిండా ఆమె ముఖం.

అతనికి ముందు సంతోషం వేసింది. పొద్దున్నే ఇలాంటి స్వాగతం ఎంతమందికి దొరుకుతుంది? తడిసిన గొడుగు మూయడం కూడా మర్చిపోయి కాసేపు అలాగే నిలబడ్డాడు.

ఆ తర్వాత బుర్ర పనిచేసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

టీవీ ఇప్పుడు ఎవరూ వేయలేదు. అంటే ఈ బొమ్మ రాత్రంతా ఇలాగే ఉంది.

అది ప్లాస్మా టీవీ. ప్లాస్మాకు ఉన్న జబ్బు ఇదొక్కటే. కదలని బొమ్మను గంటల తరబడి చూపిస్తే ఆ బొమ్మ తెరను పట్టుకుంటుంది. తర్వాత ఏ సినిమా వేసినా అడుగున లీలగా అదే కనిపిస్తుంది. కొన్నిసార్లు కాసేపటికి పోతుంది. కొన్నిసార్లు ఇక పోనే పోదు.

ఆ సంగతి కస్టమర్లకు తెలియకుండా టీవీలు అమ్మడం అతని ఉద్యోగం. ఆ సంగతి కస్టమర్లకు చెప్పి మరీ టీవీలు అమ్మడం ఆమె ఉద్యోగం.

షోరూములో ఎడమ గోడ ప్లాస్మాలది, కుడి గోడ ఎల్సీడీలది. ఎడమ గోడ దగ్గర అతను నిలబడతాడు, కుడి గోడ దగ్గర ఆమె. అక్కడ పనిచేసేవాళ్ళు వాళ్ళ పేర్లు ఎప్పుడో మర్చిపోయారు. "ప్లాస్మా, నీకు ఫోను", "ఎల్సీడీ, నీకు పార్సిల్" అనే పిలుస్తారు.

ఆమె చేరిన మొదటిరోజే ఇద్దరికీ తగువైంది. అతను ఒక కస్టమరుకు చెబుతున్నాడు. "ఎల్సీడీలో నలుపు ఉండదు సార్, బూడిద రంగు ఉంటుంది. కాస్త పక్కకు జరిగి చూశారంటే హీరో బూడిద పూసుకుని ఫైటింగ్ చేస్తున్నట్టుంటాడు."

ఎదురు గోడ దగ్గర్నుంచి, గొంతు పెంచకుండా ఆమె అంది. "నిజమే సార్, ప్లాస్మాలో హీరో చాలా బాగుంటాడు. కాకపోతే వార్తలు పెట్టుకుని మీరు కునుకు తీశారనుకోండి, లేచేసరికి ఆ హీరో మూతి మీద చానల్ పేరు అచ్చుపడి ఉంటుంది."

కస్టమరు పడీ పడీ నవ్వి ఎల్సీడీ కొనుక్కున్నాడు. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే, ఆమె టీలో బిస్కెట్టు ముంచి మరీ ఎక్కువసేపు ఉంచుతుందనీ, అది ప్రతిసారీ తెగి కప్పులో పడుతుందనీ, పడిన ప్రతిసారీ ఆమె కొత్తగా ఆశ్చర్యపోతుందనీ గమనించాడు. మంట చల్లారిపోయింది. ఆ తర్వాత రోజూ టీ టైముకు మాత్రం ఇంకోరకం మంట మొదలయ్యేది.

ఈ ఫొటో సంగతి ఏమిటంటే, షోరూముకు కొత్తగా రంగులు వేయించినప్పుడు పనివాళ్ళందరికీ ఫొటోలు తీసి సీడీ చేయించారు. ఆ సీడీని అతను డీవీడీ ప్లేయర్లో వేసి పెద్ద ప్లాస్మాలో తిప్పుతుంటాడు. మనుషుల ఒంటిరంగు ప్లాస్మాలో ఎంత సహజంగా ఉంటుందో కస్టమర్లకు తెలియాలి కదా. ఆమె ఫొటో వచ్చినప్పుడు మాత్రం ఒక్కోసారి పాజ్ నొక్కుతాడు. రంగు సరిచూడ్డానికి. కనీసం తనకు తాను అలాగే చెప్పుకునేవాడు.

నిన్న సాయంత్రం ఒక కస్టమరింట్లో టీవీ బిగించాలని తొందరగా వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు పాజ్ నొక్కాడా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పైగా ఈ పెద్ద టీవీకి ఇంకా సొంత ప్లగ్ పాయింటు లేదు, ప్లేయరుతో సహా క్యాష్ కౌంటర్ నుంచి లాగిన వైరు మీద నడుస్తోంది. రాత్రి మెయిన్ ఆపినా కౌంటర్ లైను ఆగదు.

గబగబా సీడీ ఆపి తెరను తెల్లగా చేశాడు.

ఆమె పోలేదు.

తెల్లటి తెర మీద బూడిదరంగు మబ్బులా ఉండిపోయింది. ముఖం నల్లగా, జుట్టు తెల్లగా. తెలియనివాళ్ళకు అదొక మరక. తెలిసినవాళ్ళకు మాత్రం, అదిగో కన్ను, అదిగో నవ్వు.

"ఏంటి ప్లాస్మా గారూ, పొద్దున్నే తెల్లగోడతో మాట్లాడుతున్నారు?"

ఆమె వచ్చేసింది. గొడుగు మడిచి మూలన పెడుతోంది. అతను ఒక్క గెంతులో టీవీకి అడ్డం నిలబడి చేతులు బార్లా చాపాడు.

"మీరు అటు వెళ్ళండి. మీ గోడంతా దుమ్ము పట్టింది."

"నా గోడకు దుమ్ము పట్టడం మీరెప్పుడు చూశారు? జరగండి."

"జరగను."

"ఏం విరగ్గొట్టారు?"

"ఏమీ విరగ్గొట్టలేదు."

"అయితే ఎందుకలా దిష్టిబొమ్మలా నిలబడ్డారు?" అంటూ ఆమె అతని చేతికింద నుంచి దూరి చూసింది.

నవ్వు ఆగిపోయింది.

"ఇది నేను కదా," అంది.

"మీరే."

"ఎలా?"

"ఫొటోల సీడీ. మీ దగ్గర ఆగిపోయింది. రాత్రంతా అలాగే ఉండిపోయింది."

"ఎవరు ఆపారు?" ఆమె గొంతు సన్నగా వచ్చింది.

ఏమో తెలియదంటే అబద్ధంలా ఉంటుంది. పైగా ఇన్ని రోజులుగా ఆపుతున్నది తనే కదా. "నేనే అయ్యుంటాను."

"అయ్యుంటారా?"

"నేనే ఆపాను."

ఆమె అతనివైపు అదోలా చూసింది. ఏదో అనబోయి, పెదాలు బిగించేసింది. ముఖం పాలిపోయింది. కోపం వచ్చింది, ఇక నాతో మాట్లాడదు, అనుకున్నాడు అతను.

కానీ ఆమె మాట్లాడింది. "పోతుందా?"

"పోతుందండీ. కదిలే బొమ్మలు కాసేపు ఆడిస్తే ఇట్టే..."

"కస్టమర్లకు చెప్పినట్టు కాదు. నాకు చెప్పండి."

"తెలీదు," అన్నాడు అతను.

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఇవాళ మా నాన్న వస్తున్నారు."

"ఎక్కడికి?"

"ఇక్కడికే. టీవీ కొనడానికి. మా ఇంట్లో పాత డబ్బా టీవీ పోయింది."

"మంచిదేగా. మీ గోడకే ఒక బేరం."

"మా గోడకు కాదు. ఆయనకు ప్లాస్మా కావాలట."

అంత కంగారులోనూ అతనికి నవ్వొచ్చింది. "ఇంట్లో ఎల్సీడీని పెట్టుకుని ప్లాస్మానా?"

"నవ్వకండి. నెల్లాళ్ళుగా అన్నం దగ్గర ఇదే పోట్లాట. మాది ఫొటో స్టూడియో కదా. నలుపు నలుపులా లేకపోతే అది బొమ్మే కాదంటారాయన." ఆమె తెరవైపు చూసింది. "ఆ కొట్లో నిలబడే బదులు మన స్టూడియోలో కూర్చోవే అని ఆయన మొదట్నుంచీ గొడవ. నేనే మొండికేసి ఇక్కడ చేరాను. ఇప్పుడు ఇది చూశారంటే రేపట్నుంచి నేను ఆ గోడ దగ్గర ఉండను."

అతను కుడి గోడకేసి చూశాడు. అన్ని టీవీలూ నడుస్తూ, వాటి ముందు ఎవరూ లేకుండా ఆ గోడ ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు.

"ఆయన వచ్చేలోపు పోగొడదాం," అన్నాడు.

సముద్రంలో చేపలు తిరిగే డీవీడీ ఒకటి వేశారు. రంగురంగుల చేపలు ఆమె నుదుటి మీదుగా ఈదుతూ పోయాయి. చేపలున్నంతసేపూ మరక కనిపించదు. తెర తెల్లగా మారిస్తే చాలు, మళ్ళీ ప్రత్యక్షం.

కస్టమర్లు లేనప్పుడల్లా ఇద్దరూ దొంగల్లా వచ్చి తెల్లతెర వేసి చూసుకునేవారు.

"తగ్గిందా?"

"కళ్ళు కాస్త తగ్గాయి. ముక్కు అలాగే ఉంది."

"నా ముక్కు అంత పెద్దదా?"

"యాభై అంగుళాల్లో ఎవరి ముక్కైనా పెద్దదేనండీ."

"అదే మా ముప్ఫై రెండంగుళాల ఎల్సీడీలో అయితే ముద్దుగా ఉండేది."

"ఇందులోనూ..." అని అతను నాలుక కరుచుకున్నాడు. మళ్ళీ చేపలు వేశాడు.

ఇంతలో మేనేజర్ లేచి వచ్చాడు. ఆయన కుర్చీలోంచి కదలకుండా వేలు చూపించి అందరితో పనిచేయిస్తాడు కాబట్టి వెనకాల రిమోట్ గారంటారు. రిమోట్ గారు లేచారంటేనే ఏదో మూడిందని అర్థం.

"ఎవరయ్యా తెర మీద తడిచెయ్యి పెట్టింది? మబ్బు పట్టినట్టుంది," అంటూ జేబురుమాలు తీసి ఆమె బుగ్గ ఉన్నచోట గట్టిగా తుడిచాడు.

"వాన కదా సార్, తేమ," అంది ఆమె గబగబా. "ప్లాస్మా అన్నాక ఆ మాత్రం ఉంటుంది. ఆరిపోతుంది."

రిమోట్ గారు చెయ్యి ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వెప్పట్నుంచమ్మా ప్లాస్మా తరఫున వకాల్తా?"

ఆమె తన గోడవైపు పారిపోయింది. ఆయన అతనివైపు తిరిగాడు. "చూడవయ్యా. ఈ పెద్ద పీసు ఇవాళ ఎలాగైనా పోవాలి. పోయిందా, నిన్ను పర్మినెంట్ చెయ్యమని పైవాళ్ళకు చెబుతాను. పోలేదా, ఈ గోడ ఖాళీ చేయించి ఫ్రిజ్‌లు పెట్టిస్తాను."

అమ్ముడు కావాలంటే మరక పోవాలి. ఆమె ఇక్కడ ఉండాలన్నా మరక పోవాలి. లోకంలో ఉన్న సమస్యలన్నీ కూడబలుక్కుని ఒకే తెర మీదకు వచ్చి కూర్చున్నట్టుంది.

టీ టైములో ఆమె రెండు కప్పులు తెచ్చింది. ఎప్పుడూ తేలేదు. ఒకటి అతని చేతికిచ్చి, బిస్కెట్టు ముంచి, తెరవైపు చూస్తూ ఉండిపోయింది. బిస్కెట్టు తెగి పడింది. ఇవాళ ఆశ్చర్యపోలేదు.

"మీకొక మాట చెప్పాలి," అంది.

"చెప్పండి."

"కోపం తెచ్చుకోకూడదు."

అతను లోలోపల లెక్కలు వేసుకున్నాడు. ఉద్యోగం మానేస్తానంటుంది. లేదా తనను ఆ ఫొటో చూడొద్దంటుంది. లేదా మేనేజరుకు చెప్పేశానంటుంది. "నాకెందుకండీ కోపం? తప్పు చేసింది నేనైతే."

"అదే," అంది ఆమె ఇబ్బందిగా. "అదే చెబుదామని. మీరు పొద్దున్న నేనే అన్నారు చూడండి, అప్పుడు..."

"అమ్మలూ," అని పిలుపు వినిపించింది గుమ్మంలోంచి.

ఆమె చేతిలో కప్పు ఒలికింది. "నాన్న," అంది గొణుగుతున్నట్టుగా.

సన్నగా, పొడుగ్గా ఒకాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, గొడుగు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. టీవీలకేసి చూడలేదు. ముందు పైకప్పు లైట్లు చూశాడు. "వెలుతురు మరీ పైనుంచి కొడుతోంది," అన్నాడు తనలో తాను. తర్వాత అతని దగ్గరికి వచ్చి ఆగాడు.

"నువ్వేనా ప్లాస్మా?"

"అవును సార్."

"మా ఇంట్లో నీ పేరు లేకుండా పూట గడవదు. ప్లాస్మా ఇలా అన్నాడు నాన్నా, ప్లాస్మా అలా అన్నాడు నాన్నా, వాడికి బుద్ధి లేదు నాన్నా. ఇంత బుద్ధి లేనివాడు ఎలా ఉంటాడో చూద్దామని కూడా వచ్చాను."

"నాన్నా," అంది ఆమె నీరసంగా.

అతనికి ఆ మాటలు తేనెలా తగిలాయి. కానీ తేనె రుచి చూసే సమయం కాదు. చేపల డీవీడీ తీసేసి రాత్రి ఆకాశం ఉన్నది వేశాడు. తెరంతా నలుపు, అక్కడక్కడా చుక్కలు. పెద్దాయన కళ్ళజోడు దించుకుని చూశాడు. ముఖం విప్పారింది.

"ఇదీ నలుపంటే. చూశావుటే అమ్మలూ? నీ ఎల్సీడీలో ఇది వస్తుందా?"

"రాదు నాన్నా," అంది ఆమె. జీవితంలో మొదటిసారి ఒప్పుకుంది.

రిమోట్ గారు కుర్చీలోంచే మురిసిపోతున్నాడు. అతను బిల్లు రాసే వైపు పెద్దాయన్ని నడిపించబోయాడు. ఆయన కదల్లేదు.

"నలుపు చూశాను. ఇక తెలుపు చూపించు."

"తెలుపెందుకు సార్? తెలుపు ఏ టీవీ అయినా ఇస్తుంది."

"ఎవరూ సరిగ్గా ఇవ్వరు బాబూ. కాస్త నీలం కలిపో, పసుపు కలిపో మోసం చేస్తారు. ఉత్త తెల్లతెర వేసి చూపించు."

"నాన్నా, తెలుపు కావాలంటే మా గోడ దగ్గరికి రండి. మల్లెపువ్వులా ఉంటుంది," అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

"నీ గోడ సంగతి ఇంట్లో రోజూ వింటున్నా కదే. ఉండు."

"చూపించవయ్యా, అడుగుతున్నారుగా," అని రిమోట్ గారు వేలు ఊపాడు.

అతను ఆమెకేసి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. అతను బటన్ నొక్కాడు.

తెర తెల్లబడింది. మధ్యలో మబ్బు.

"తేమ సార్," అన్నాడు రిమోట్ గారు వెంటనే. "వాన కదా."

పెద్దాయన తెర దగ్గరికి నడిచాడు. తల కాస్త పక్కకు వంచి, కళ్ళు సగం మూసి చూశాడు. నెగెటివులు వెలుతురుకు ఎత్తిపట్టి ఎవరు ఎవరో చెప్పడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నల్లటి ముఖం, తెల్లటి జుట్టు ఆయనకు మరకలా ఎందుకు కనిపిస్తాయి? పైగా కన్నతండ్రి.

తెరవైపు చూశాడు. కూతురివైపు చూశాడు. మళ్ళీ తెరవైపు చూశాడు.

"ఈ ఫొటో ఎప్పుడు తీశారు అమ్మలూ?"

ఆమె కళ్ళు తెరిచింది.

"నవ్వుతున్నావు," అన్నాడాయన. "నా స్టూడియోలో కూర్చోబెట్టి తీస్తే ఒక్కసారైనా ఇలా నవ్వావా?"

పెద్దాయన ఇంకో అడుగు ముందుకేశాడు. తెర కింది మూలన వేలు పెట్టాడు.

"ఈ రెండో తల ఎవరిది?"

"ఏ తల సార్?" అన్నాడు అతను. నిజంగానే అతనికి తెలియదు.

"ఇదిగో మెడ. ఇదిగో చెవి. వెనకాల ఎవడో నిలబడ్డాడు. అమ్మాయి కెమెరావైపు చూస్తుంటే వీడు మాత్రం మా అమ్మాయివైపు చూస్తున్నాడు." ఆయన వంగి ఇంకాస్త పరీక్షగా చూశాడు. "చెవి బయటికి పొడుచుకొచ్చింది." తర్వాత నెమ్మదిగా తిరిగి అతని తలను పక్కనుంచి చూశాడు. "చెవి నీదే."

అతని రెండు చెవులూ ఎర్రగా కాలిపోయాయి. ఆ ఫొటోలో తనున్నట్టే అతనికి తెలియదు. ఎన్నోసార్లు ఆపి చూశాడు. ఒక్కసారి కూడా చూపు ఆ మూలకు పోలేదు. పోవడానికి తీరికెక్కడిది?

"ఒక్కటి చెప్పు బాబూ," అన్నాడు పెద్దాయన. "ఇది పోతుందా, ఉంటుందా?"

రిమోట్ గారు వెనకనుంచి తల ఊపుతున్నాడు. పోతుందను, పోతుందను అని. ఆ జవాబు అతనికి కంఠతా వచ్చు. పోతుంది సార్, కాసేపు ఆడిస్తే ఇట్టే పోతుంది సార్. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాడు. అది చెబితే టీవీ అమ్ముడవుతుంది, ఉద్యోగం పర్మినెంట్ అవుతుంది, పెద్దాయన మరకను మరకగా వదిలేస్తాడేమో కూడా.

నోరు తెరిచాడు. ఆమె అతన్నే చూస్తోంది. పొద్దున్న ఆమె అడిగిందీ ఈ మాటే. అప్పుడు తెలీదన్నాడు.

"పోదు సార్," అన్నాడు.

రిమోట్ గారికి పొలమారింది.

"ఏది పోదు?" అన్నాడు పెద్దాయన.

"ఏదీ పోదు సార్." ఆగకుండా చెప్పుకుపోయాడు. "తప్పంతా నాది. ఆ ఫొటో దగ్గర ఆపింది నేనే. ఇందులో ఆమెకు ఏ సంబంధమూ లేదు. నన్ను ఏమన్నా పడతాను. ఆమెను మాత్రం ఈ ఉద్యోగం మాన్పించకండి సార్."

"ఆపింది నేను," అంది ఆమె.

అందరూ ఆమెవైపు తిరిగారు. అందరికంటే ముందు అతను తిరిగాడు.

"నిన్న మీరు టీవీ బిగించడానికి వెళ్ళిపోయాక నీ గోడ దగ్గరికి వచ్చాను," అంది అతనితో. మాట మధ్యలో మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఆమె గమనించలేదు. వాళ్ళ నాన్న గమనించాడు. "ఫొటోలు తిరుగుతున్నాయి. నాది వచ్చినప్పుడు మూలన ఎవరో ఉన్నట్టనిపించింది. ఆపి చూశాను. చూస్తే నువ్వు. చూస్తూ అలాగే ఉండిపోయాను. ఇంతలో షట్టర్ దించుతున్నాం రమ్మని సార్ కేకేశారు. ఆ కంగారులో రిమోట్ అక్కడే పడేసి పరుగెత్తాను."

"మరి పొద్దున్న చెప్పలేదే?" అన్నాడు అతను. అంతకంటే తెలివైన మాట ఏదీ తట్టలేదు.

"చెప్పేలోపే నేనే ఆపానన్నావు. చెయ్యని పనికి ఎందుకు ఒప్పుకున్నావా అని ఆలోచించుకుంటూ ఉండిపోయాను."

"నేను ఇంతకుముందు చాలాసార్లు ఆపాను," అన్నాడు అతను చిన్నగా. "అందుకని నిన్న కూడా నేనే అనుకున్నా."

ఆమె ముఖంలో పొద్దుట్నుంచీ లేని రంగంతా ఒక్కసారిగా వచ్చేసింది. ఏ టీవీ ఇస్తుందో మరి ఆ రంగు, అతనికి మాత్రం తన గోడ మీద ఎప్పుడూ కనపడలేదు.

పెద్దాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఒక అద్దం తుడిచాడు. రెండోది తుడిచాడు. మళ్ళీ మొదటిది తుడిచాడు. ఆమె కొంగు చివర వేలికి చుడుతోంది, విప్పుతోంది.

"ఏదో ఒకటి అనండి నాన్నా," అంది చివరికి.

"ఏమనమంటావు? టీవీ కొనడానికి వచ్చాను. కొంటాను." ఆయన లేచి రిమోట్ గారివైపు తిరిగాడు. "ఎల్సీడీ ఒకటి ఇప్పించండి."

రిమోట్ గారు బిత్తరపోయాడు. "ప్లాస్మా కావాలన్నారు కదా సార్? నలుపు నచ్చిందన్నారు."

"నచ్చింది. కానీ అమ్మే కుర్రాడే మచ్చ పోదంటున్నాడు. ఇక నేనెలా కొంటానండీ?"

అతను తలవంచుకున్నాడు. ఆయన మాటలో వంక పెట్టడానికి ఏమీ లేదు.

"మరి నేను?" అంది ఆమె. "రేపట్నుంచి స్టూడియోకు రావాలా?"

"వచ్చి ఏం చేస్తావు? నేను తీస్తే నవ్వవు." ఆయన కూతురి తలమీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. "నీ గోడకు బేరం తెచ్చాను కదా. వెళ్ళి నాకో మంచి పీసు చూపించు. నెల్లాళ్ళు పోట్లాడావు, ఇప్పుడైనా అమ్ముకో."

ఆమె కుడి గోడవైపు నడవలేదు, పరుగెత్తింది. తండ్రి వెనకాలే వెళ్ళాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వెలుతురు గదిలో కూడా బాగా కనబడుతుంది నాన్నా, కరెంటు తక్కువ తాగుతుంది నాన్నా. ఆయన ఏమీ తెలియనివాడిలా ఊ కొడుతూ విన్నాడు.

ఎడమ గోడ దగ్గర రిమోట్ గారు మిగిలాడు. అతనూ మిగిలాడు.

"పర్మినెంట్ అవుతావనుకున్నా," అన్నాడు రిమోట్ గారు తెరవైపు చూస్తూ. "పర్మినెంట్ అయింది ఈ బొమ్మొక్కటే."

"సారీ సార్."

"సారీ చెబితే గోడ నిండదు. ఫ్రిజ్‌లు వస్తాయి. రేపట్నుంచి ఫ్రిజ్‌ల గురించి చదువుకో."

"ఫ్రిజ్‌లు ఏ గోడకు పెడతారు సార్?"

"ఈ గోడకే. ఇంకెక్కడ చోటుంది?"

అతను ఎదురుగా చూశాడు. ఆమె ఒక టీవీని చూపించి చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మధ్యలో ఒకసారి ఇటు చూసి, దొరికిపోయి, అటు తిరిగిపోయింది.

"అయితే పర్లేదు సార్," అన్నాడు అతను.

బిల్లయింది. పెట్టె కట్టారు. పెద్దాయన గుమ్మం దాకా వచ్చి, గొడుగు సగం తెరిచి ఆగాడు.

"బిగించడానికి ఎవరొస్తారు?"

"కంపెనీ మెకానిక్ వస్తాడు సార్, ఆదివారం," అన్నాడు రిమోట్ గారు.

"వద్దు. ఇతన్ని పంపండి."

"ఇతనికి ప్లాస్మాలే తెలుసు సార్."

పెద్దాయన అతనివైపు చూశాడు. "ఎల్సీడీ బిగించడం రాదా?"

"నేర్చుకుంటాను సార్."

"వంకర లేకుండా బిగించాలి. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది. నేను ఊరుకున్నా ఆవిడ ఊరుకోదు. నిన్ను బోలెడు అడుగుతుంది."

"అలాగే సార్."

"ఇంకా సార్ ఏమిటయ్యా?"

"మరి ఏమని పిలవమంటారు?"

పెద్దాయన గొడుగు పూర్తిగా తెరిచాడు. "ముందు టీవీ గోడ మీద నిలబడనీ. ఏమని పిలవాలో ఆవిడే చెబుతుంది." వానలోకి దిగి, పెట్టె ఎక్కించిన వ్యాను వైపు గబగబా నడిచాడు.

గుమ్మంలో ఇద్దరే మిగిలారు. వాన జల్లు కాళ్ళ మీద పడుతోంది. వెనక్కి జరగాలని ఇద్దరికీ తట్టలేదు.

"మీ అమ్మగారు ఏం అడుగుతారు?" అన్నాడు అతను.

"అన్నీ అడుగుతుంది."

"ఏం చెప్పాలి?"

"నిజం చెప్పు. ఇవాళ చెప్పలేదూ, అలాగే." ఆమె చెయ్యి చాపి వానచుక్కల్ని పట్టుకుంది. "అది కాదు నా దిగులు. మా హాలు గోడ రాయిలా ఉంటుంది. మేకు దిగదు. నాన్న క్యాలెండరు తగిలించడానికే ఎన్ని సుత్తులు మార్చారో."

"మరెలా?"

ఆమె అతని ముఖంలోకి చూసి, పొద్దున తెర మీద నవ్విన దానికంటే ఎక్కువే నవ్వింది.

"పెద్ద డ్రిల్లు తెచ్చుకో," అంది. "కాస్త పెందలాడే రా. ఆ గోడకు చాలా టైము పడుతుంది."